పిరమిడ్ కింద చేతులు

నిలిచినవానికి నేలయై, పరుగెత్తువానికి ఊపిరియై, పడినవానికి ఒడియై యుండు జగజ్జననికి నమస్కరించి, నా వాక్కునకు వన్నె కంటె ముందు నిజము నొసగుమని శారదాదేవిని వేడుకొని, క్రోధి నామ సంవత్సర కార్తీక శుద్ధ ద్వాదశీ బుధవారమున, అబూధాబి శివారునందలి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, నా అద్దెగదియందు కూర్చుండి ఈ జ్ఞాపకమును వ్రాయ నారంభించుచున్నాను.

నేను ప్రాచ్యకళాశాలలో కావ్యపాఠం ముగించి, ఆ పట్టాతో ఉద్యోగం దొరకక, వ్యాయామశిక్షణ చదివి మైదానంలోకి దిగినవాణ్ణి. దిగిన తరువాత మరలి రాలేదు. ఈ ఎడారిదేశంలో ఒక భారతీయ పాఠశాలలో వ్యాయామవిభాగానికి పెద్దగా చాలాకాలం పనిచేశాను. ఇక్కడ చెప్పబోయేది ఆ ఉద్యోగపు చివరి సంవత్సరాలలో జరిగిన సంగతి. ఆ రోజులలో మా మైదానంలో ఒక కీడు క్రమక్రమంగా రూపు కట్టుకోవడం నేను చూశాను. అది మేఘంలా పైనుండి రాలేదు. మేము కట్టినదే, ఒక వరుస మీద ఒక వరుసగా, ఆడపిల్లల భుజాల మీద మోకాళ్ళుగా లేచింది.

మా విభాగంలో మేము నలుగురం. నా తరువాత వయసులో పెద్దావిడ హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో ఆ ఉర్దూ కలిసిన తెలుగు. బడి అంతా ఆమెను పెద్ద మేడమ్ అనేది. రెండవ ఆమె గోదావరి జిల్లాల నుండి వచ్చిన యువతి, చిన్ననాట జిమ్నాస్టిక్స్‌లో పతకాలు తెచ్చుకున్నది. ఆమె చిన్న మేడమ్. నాలుగవవాడు జగిత్యాల ప్రాంతపు యువకుడు. వాళ్ళ నాన్న ఇదే ఊరి భవనాలకు ఇనుపచువ్వలు కట్టి కట్టి వేళ్ళు వంకర్లు పోయి ఇంటికి వెళ్ళినవాడు. కొడుకు మాత్రం మెడలో ఈలతో వచ్చాడు. మగపిల్లల విభాగం అతనిది, ఆడపిల్లల విభాగం మేడములిద్దరిది. పై తరగతుల ఆడపిల్లలు పరుపుల మీద సాధన చేసేటప్పుడు మగవాళ్ళు ఆ పరుపుల దగ్గరకు పోరాదు. మధ్యన ఒక తాడు కట్టి ఉండేది. నా ఈల ఆ తాడుకు ఇవతలి నుండే మోగేది.

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. పిల్ల ఎత్తు నుండి దూకేటప్పుడు గాని, ఒకరి మీద ఒకరు ఎక్కేటప్పుడు గాని, రెండు పక్కలా ఇద్దరు నిలబడాలి. పిల్ల జారితే అందుకోవడానికి సిద్ధమైనవారు తమ రెండు అరచేతులనూ విప్పి రొమ్ము ఎత్తున చూపాలి. నాలుగు అరచేతులు కనబడితేనే నేను ఈల ఊదుతాను. మాట అక్కరలేదు. లౌడ్‌స్పీకరు రొదలో మాట వినబడదు, వినబడినా పిల్ల బెదురుతుంది. పట్టుకోవలసినవారి చూపు పిల్ల మీద, నా చూపు వారి చేతుల మీద. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మేమే కట్టుకొన్నాం. దాన్ని నమ్మి ఎందరో పిల్లలు గాలిలోకి లేచారు.

2020లో బడి మూతపడింది. మా విద్య లాప్‌టాప్ తెరలోకి పోయింది. ఇరుకుగదులలో కుర్చీ పక్కకు జరిపి, మంచానికీ గోడకూ నడుమ నిలబడి, తెర మీది చిన్న చిన్న చతురస్రాలలో ఉన్న పిల్లల చేత వంగించి లేపించేవాళ్ళం. నేను గెంతితే కింది వాటావాళ్ళు కర్రతో పైకప్పు తట్టేవారు. తరగతి మొదలుకాక ముందు మేము నలుగురం తెరలో కలుసుకునే వేళ ఒకటుండేది. ఒకనాడు పెద్ద మేడమ్ నవ్వుతూ తన రెండు అరచేతులూ విప్పి చూపింది. మిగిలిన ముగ్గురమూ చూపాం. ఎవరు ఎవరిని తాకినా ప్రమాదమన్న ఆ కాలంలో, పడితే పట్టుకోవడానికి మనవాళ్ళున్నారన్న ధైర్యం ఆ చేతులలో కనబడింది. నాటి నుండి అదే మా నమస్కారమైంది. పొద్దున్నే చేతులు విప్పడం, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, నవ్వడం. ఆ అలవాటు మాలో ఎంత లోతుకు దిగుతున్నదో అప్పుడు నాకు తెలియలేదు.

2021 చివరలో పిల్లలు మళ్ళీ బడికి రావడం మొదలుపెట్టారు. నేల మీద దూరదూరంగా తెల్లని వలయాలు గీశారు. వలయం దాటరాదు, ఎవరినీ తాకరాదు. ఆ రోజులలో ఒక చిన్నపిల్ల, చురుకైనది, పిట్టంత పిల్ల, మెట్ల కమ్మీ మీదికి ఎక్కి జారింది. చిన్న మేడమ్ ఒక్క అంగలో పోయి ఆ పిల్లను జబ్బ పట్టి లాగింది. పిల్ల దక్కింది గాని జబ్బ మీద వేళ్ళ గుర్తులు నీలంగా తేలాయి. మరునాడు తల్లి వచ్చింది. తన కూతుర్ని తాకడానికి ఎవరు అధికారమిచ్చారని అడిగింది. కమ్మీ సంగతి ఆమెకు చెప్పినా చెవికి ఎక్కలేదు. చిన్న మేడమును ఆఫీసుకు పిలిచి, ఇంకొకసారి ఇటువంటిది వస్తే ఖలాస్ అన్నారు.

ఆ ఒక్క మాట ఆమెకు ఎంత బరువో మాకు తెలుసు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గిడ్డంగిలో పనిచేస్తుండిన ఆమె భర్తకు కరోనా తొలి ఏడాదిలోనే ఉద్యోగం పోయింది. అతడూ, బడికి పోయే కొడుకూ ఆమె వీసా మీదనే ఉన్నారు. ఆమె పని పోతే ముగ్గురి కాళ్ళ కింది నేల పోయినట్లే.

మరుసటి ఏడు వలయాలు చెరిపేశారు. ముఖాల మీది గుడ్డలు తొలగాయి. ఎండలు తగ్గుముఖం పట్టగానే ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఈసారి ఈ దేశపు జాతీయదినోత్సవానికి ఆడపిల్లల చేత మూడంతస్తుల పిరమిడ్ వేయించాలన్నారు. బడి యజమాని తరఫువారు వస్తారట, వీడియో తీస్తారట. పిల్లలు చేతులు మరిచి రెండేళ్ళయిందనీ, ఈ సంవత్సరానికి కవాతు, జెండాల విన్యాసం చాలుననీ మనవి చేశాను. ఆయన చెడ్డవారు కారు. కొత్తగా వచ్చి, ప్రతి గుమ్మం వద్దా తన నీడను చూసి ఉలిక్కిపడే మనిషి. చదువులో పెరుగుదల ఎవరి కంటికీ కనబడదనీ, పిరమిడ్ కనబడుతుందనీ అన్నారు. అంతటితో ఆ ప్రసంగం ముగిసింది.

పిరమిడ్ కొన మీద నిలబడడానికి అందరిలోకీ తేలికైన పిల్ల కావాలి. పిల్లల్ని వరుసలో నిలబెట్టి చూస్తే వేరే మాటకు తావు లేకపోయింది. అది ఆ కమ్మీ ఎక్కిన పిల్లే. ఆరవ తరగతిలోకి వచ్చింది. పేరు పిలవగానే చిన్న మేడమ్ తల వంచుకొని బూటు తాడు ముడి విప్పి మళ్ళీ కట్టుకొన్నది.

రెండంతస్తుల వరకు సాధన చల్లగా సాగింది. ఒకనాడు ఆ పిల్ల కింది వరుస వీపు మీద నుండి పట్టు తప్పి దిగజారింది. ఎత్తు ఏమంత లేదు. పిల్ల తన కాళ్ళ మీద తానే దిగి నవ్వింది. కాని తాడు ఇవతలి నుండి నేను చూసింది వేరు. చిన్న మేడమ్ చేతులు ముందుకు రావలసిన క్షణాన, నిప్పు తగిలినట్లు రొమ్ము మీదికి ముడుచుకొన్నాయి. పెద్ద మేడమ్ కూడా చూసింది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకొన్నాం.

ఆ సాయంకాలం బడి ఎదుటి కెఫెటేరియాలో టీ తాగుతుండగా చిన్న మేడమ్ నా ఎదుట వచ్చి కూర్చుంది. కాగితపు కప్పు అంచును గోటితో చుట్టూ గిల్లింది.

"మాస్టారూ, నా చేతులు రావట్లేదండి," అన్నది చివరకు.

రాకపోవడమంటే ఏమిటని అడిగాను.

"ఆ పిల్ల జారుద్దని ముందే తెలిసిపోద్దండి. బుర్ర చెప్పేస్తదండి. చేతులే ఆగిపోతన్నాయి. పట్టుకుంటే మళ్ళీ మచ్చ పడుద్దేమోనని. మిగతా పిల్లల్తో బానే ఉన్నాయండి. ఆ ఒక్క పిల్ల దగ్గరే." కప్పు పక్కకు నెట్టి అన్నది: "ఈ మాట ఆఫీసుకి తెలిస్తే నా పనైపోద్దండి. తెలీకపోతే ఆ పిల్ల..."

ఆ నాటి నుండి ఈ రెండు తక్కెడ పళ్ళాల నడుమ మా బ్రతుకు ఊగింది. చెబితే ఆమె కుటుంబం కూలుతుంది, చెప్పకపోతే ఒక పిల్ల నేల మీద కూలుతుంది. ఆడపిల్లల విభాగంలో మేడములిద్దరు తప్ప వేరొక ఉపాధ్యాయిని లేదు. ఆమె పేరెత్తకుండానే మళ్ళీ ప్రిన్సిపాల్ వద్దకు పోయి రెండంతస్తులతో సరిపెడదామన్నాను. ముదీరుకు, అంటే యజమాని తరఫు మేనేజరుకు, మూడంతస్తులని ముందే చెప్పేశానని ఆయన తల అడ్డంగా ఊపారు.

ఇక మాకు మిగిలింది ఆమె చేతుల్ని తిరిగి తేవడమే. బడి వదిలాక హాలు తలుపులు మూసి నలుగురం పనిలో దిగాం. జగిత్యాల యువకుడు నిచ్చెన ఎక్కి ఇసుకసంచులు వదిలేవాడు, ఆమె అందుకొనేది. మొదట తిన్నగా, తరువాత అటూ ఇటూ, తరువాత చెప్పకుండా. సంచులు తప్పకుండా అందేవి. అప్పుడు పెద్ద మేడమ్, ఇసుక మనిషి కాదు గదా అని, తానే బల్ల మీదికి ఎక్కి వీపు తిప్పి నిలబడింది.

"మేడమ్, మీరు పడితే హాలు గచ్చు పల్గుతది. జర ఆలోచించుండ్రి," అన్నాడు యువకుడు నిచ్చెన మీద నుండి.

"చుప్. నీ జబాన్ పడ్తే అంతకన్న పెద్ద గుంత అయితది," అని ఆమె కళ్ళు మూసుకొని వెనక్కు ఒరిగింది.

చిన్న మేడమ్ చేతులు వచ్చాయి. పెద్దావిడ బరువంతా ఆ రెండు చేతుల మీదా, మోకాళ్ళ మీదా దిగి పరుపు మీద ఆగింది. ఇద్దరూ లేవకుండా పడి నవ్వారు. ఈ ఉద్యోగంలో నేను అందుకొన్న సంతోషాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, ఆ సాయంకాలాలే పైన ఉంటాయి. ఎవరి జీతం వారిది, ఎవరి తరగతి వారిది అన్నట్లుగా గడిచిన ఏళ్ళ తరువాత, ఒకరి భయాన్ని నలుగురం పంచుకొని మోశాం. ఇంటికి పోయే బస్సులో నా భుజాలు నొప్పి పెట్టేవి, మనసు తేలికగా ఉండేది. ఇప్పుడు తలచుకొంటే ఆ తేలికతనమే నన్ను కలవరపెడుతుంది. నాలుగు గోడల మధ్య, ఆ పిల్ల లేని చోట, మేము ఎవరిని బాగుచేస్తున్నామో మాకు తెలియలేదు.

మూడవ అంతస్తు మొదటిసారి లేచిన రోజు మైదానంలో గాలి లేదు. కింద వరుస మోకరించింది. దాని మీద రెండవ వరుస కుదురుకొంది. పిల్ల ఎక్కడానికి సిద్ధమైంది. మేడములిద్దరూ అరచేతులు విప్పారు. ఈల నోట పెట్టుకొన్నవాణ్ణి, ఒక్క క్షణం ఆగితే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది గాని, నాలుగు చేతులూ స్పష్టంగా కనబడుతున్నాయి. ఊదాను. పిల్ల ఒక కాలు పైన వేసింది. అప్పుడు చూశాను వాళ్ళ కళ్ళు. పెద్ద మేడమ్ చిన్న మేడమును చూస్తున్నది. చిన్న మేడమ్ పెద్ద మేడమును చూస్తున్నది. ఇద్దరి ముఖాలలోనూ తెరలో కనబడే ఆ పొద్దుటి చిరునవ్వు. పిల్లను ఎవరూ చూడటం లేదు.

కింద వరుసలో ఒక మోకాలు జరిగింది. పిల్ల పెద్ద మేడమ్ పక్కకు జారింది. పెద్ద మేడమ్ చేతులు గాలిలో విప్పినవి విప్పినట్లే ఉండగా, ఆ పిల్ల వాటి పక్కనుండి పోయి పరుపు అంచు మీద పడింది. మోచేయి గీసుకొని నెత్తురు చిమ్మింది. అంతకు మించి ఏమీ కాలేదు.

పెద్ద మేడమ్ తాడు వద్దకు వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ళకు పైగా ఎందరో పిల్లల్ని అందుకొన్న మనిషి, తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకొన్నది.

"సార్, నేను సలాం చేసిన," అన్నది. "పట్టుకోనీకి లేపలే. సలాం చేసిన."

భయపడ్డ చేతులు ఒక్కరివే అనుకొన్నాం. భయం లేని చేతులు కూడా ఖాళీ అయిపోయాయి. రెండేళ్ళు పొద్దున్నే ఒకరికొకరం ధైర్యం చెప్పుకొన్న ఆ సైగ, పిల్లకు ఇవ్వవలసిన కాపలాను మాకు తెలియకుండానే తినేసింది. మేము ఒకరినొకరం అంతగా ప్రేమించకపోయి ఉంటే ఈ పొరపాటు చేసి ఉండేవాళ్ళం కాము.

సైగ మార్చాం. ఇక మీదట చేతులు చూపరాదు, వంగి పరుపును తాకాలని అనుకొన్నాం. కొన్నాళ్ళు అలా నడిచింది. కాని శరీరం బుద్ధి మాట వినేది కొంతవరకే. తొందర వచ్చినా, ఎవరైనా పెద్దలు చూస్తున్నా, చేతులు వాటంతట అవే లేచేవి. నేను ఈల దించి అరిచేవాణ్ణి. వాళ్ళు నాలుక కరుచుకొని వంగేవారు. ప్రతిరోజూ అదే. పిరమిడ్ మాత్రం రోజురోజుకూ చక్కగా నిలబడుతూ వచ్చింది. అది చక్కగా నిలబడిన కొద్దీ నాకు నిద్ర తగ్గింది.

ఇంకొక సంగతి ఉంది. మోచేతి గాయానికి ఆ తల్లి వచ్చి గొడవ చేస్తుందని ఎదురుచూశాం. రాలేదు. మూడవనాడు చిన్న మేడమ్ ఆ పిల్ల మోచేతికి పట్టీ మారుస్తూ, అమ్మ ఏమన్నదని మెల్లగా అడిగిందట.

"మమ్మీకి చెప్పలేదు మేడమ్," అన్నదట ఆ పిల్ల. "ఫుల్ హాండ్స్ వేసుకుంటున్నా. చెప్తే మళ్ళీ మీ మీద కంప్లైంట్ చేస్తుంది. మీరేం టెన్షన్ పడకండి, నేను పడను."

ఈ మాట నాకు చెబుతున్నప్పుడు చిన్న మేడమ్ ఏడవలేదు. ముఖం రాయిలా ఉంది. పిల్లను కాపాడవలసిన చోట పిల్లే తనను కాపాడుతున్నదని ఆమె అనలేదు గాని, ఆ తరువాత ఆమె నాతో అంతగా మాట్లాడటం మానేసింది. హాలు సాధనకు వచ్చేది, సంచులు అందుకొనేది, పోయేది. యువకుడు ఎంత నవ్వించాలని చూసినా పెదవి కదిలేది కాదు. "మేడమ్, గింత సీరియస్ అయితే ఇసుక గూడ భయపడి పారిపోతది," అన్నాడొకసారి. ఆమె సంచిని మెల్లగా నేల మీద పెట్టి, చేతులు దులుపుకొని, సెలవు తీసుకొంది.

శుభకృత్ నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి, సోమవారం. అది ఆఖరి పూర్తి రిహార్సల్. ఉదయం నుండి ఆకాశం ఇసుక రంగులో ఉంది. సూర్యుడున్నాడు గాని నీడలు లేవు. ఆకుపచ్చని ప్లాస్టిక్ గడ్డి మీద సన్నని ధూళి పేరుకొని, పిల్లలు నడిచినచోట అడుగులు పడ్డాయి. తెల్లగుడ్డ చుట్టిన కుర్చీలలో యజమాని తరఫు అతిథులు కూర్చున్నారు. ప్రిన్సిపాల్ వాళ్ళ వెనుక నిలబడి ఉన్నారు. కెమెరా పట్టుకొన్న మనిషి తాడు దాటి పోబోతే యువకుడు ఆపాడు. లౌడ్‌స్పీకరులో ఒక పాట ముగిసి మరొకటి అందుకొనే లోగా నిశ్శబ్దం పడింది.

కింద వరుస మోకరించింది. రెండవ వరుస ఎక్కింది. ఆ పిల్ల ముందుకు వచ్చి, నేర్పినట్లుగా, రెండవ వరుస నడుమనున్న పిల్ల తొడ మీద కాలు వేసి, మోకాలు ఆనించి, నా ఈల కోసం ఆగింది. తెల్లని పూర్తి చేతుల చొక్కా వేసుకొంది. నేను పరుపు వైపు చూశాను. వంగి తాకవలసిన చేతులు నాలుగూ పైకి లేచి విప్పుకొని ఉన్నాయి. అతిథులున్నారు గదా, అలవాటు లేపింది. ప్రిన్సిపాల్ బొటనవేలు ఎత్తి చూపారు. ఈల నా పెదవుల మధ్య ఉంది. వంగండని అరవడానికి నేను దాన్ని తీయబోతున్నాను.

అప్పుడు చిన్న మేడమ్ చూపు పెద్ద మేడమ్ ముఖం మీద నుండి మళ్ళి, మెల్లగా పైకి పోయి, ఆ పిల్ల మీద నిలిచింది. అలా చూస్తూనే తన రెండు చేతులూ దించింది. దించి, వీపు వెనుక పెట్టుకొంది.

"నాకు చేతుల్లేవండి మాస్టారూ," అన్నది. గొంతు పెద్దది చేయలేదు. ఆ నిశ్శబ్దంలో చివరి కుర్చీ వరకు వినబడింది. "ఈ పిల్లని పట్టుకోలేనండి. దింపెయ్యండి."

నేను దిగమనే ఈల ఊదాను, రెండుసార్లు పొట్టిగా. పిరమిడ్ ఎక్కడం అందరూ చూస్తారు, దిగడం ఎవరూ చూడరు. ప్రమాదం దిగడంలోనే ఎక్కువ. ఈల వినగానే ఆ పిల్ల, తాను ఏదో తప్పు చేశాననుకొని, చిన్న మేడము వైపు తల తిప్పింది. తిప్పడంతో మోకాలు జారింది. రెండవ వరుస అంతా ఒక పక్కకు ఊగింది. యువకుడు ఒక్క ఉరుకున తాడు వద్దకు వచ్చి, తాడు మీదుగా చేయి చాచి, చాచిన చేతిని తానే వెనక్కు లాక్కొన్నాడు. పెద్ద మేడమ్ ఈసారి ఎవరి ముఖమూ చూడలేదు. రెండడుగులు వేసి ఆ పిల్ల నడుముకు చేతులు చుట్టి, బియ్యపు మూట దించినట్లు దించి, పరుపు మీద కూలబడింది. మిగిలిన పిల్లలు వరుస తప్పకుండా దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

కుర్చీలలో ఒకాయన, ఇదంతా కార్యక్రమంలో భాగమే అనుకొని, చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్ళూ కొట్టారు. తరువాతి పాట మొదలైంది.

ఆ మధ్యాహ్నం చిన్న మేడమును ఆఫీసుకు పిలిచారు. నేనూ పెద్ద మేడమూ వెంట పోయాం. చిన్న మేడమ్ ఉన్నది ఉన్నట్లు చెప్పింది. కమ్మీ సంగతి, నీలపు మచ్చల సంగతి, ఆ ఒక్క పిల్ల వద్ద చేతులు ఆగిపోయే సంగతి. హాలులో మేము చేసిన సాధన గురించి మాత్రం చెప్పలేదు. అది నేను చెప్పాను. ప్రిన్సిపాల్ కోపగించుకోలేదు. ఆయన స్వరంలోని మెత్తదనం నాకు మరింత దిగులు పుట్టించింది. పిల్లను పట్టుకోలేనని ఒక ఉపాధ్యాయిని పదిమంది ముందు చెప్పాక, దానిని నేను వినలేదని ఎలా అనగలను, రేపు ఏదైనా అయితే ఏ ముఖంతో జవాబు చెప్పను, అని ఆయన అడిగారు.

"సాబ్, నా చేతులు గూడ లేకుండె," అన్నది పెద్ద మేడమ్. "పోయిన నెల ఇదే పిల్ల నా పక్కనే పడ్డది. నేను జెప్పలే. ఈమె జెప్పింది. గంతే ఫరక్."

ఆయన ఆ మాటను విననట్లు బల్ల మీది పెన్ను జరిపి పెట్టారు. ఒకరి సంగతి చాలు, ఇద్దరి సంగతి ఆయన మోయలేరు.

బయట నడవలో యువకుడు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. చిన్న మేడమ్ అతని పక్కనుండి పోతూ, ఆ పిల్ల ఏడుస్తూ బస్సు ఎక్కిందా అని అడిగింది. ఏడవలేదు, సమోసా తినుకుంట ఎక్కింది అన్నాడతడు. అప్పుడామె ముఖంలో, ఎన్నో వారాల తరువాత, ఏదో కొంచెం సడలింది.

ఆ ఏడు జాతీయదినోత్సవానికి కవాతూ జెండాల విన్యాసమూ జరిగాయి. పిరమిడ్ కాలేదు. చిన్న మేడమును పరుపుల పని నుండి తప్పించి, బస్సుల వద్ద పిల్లల్ని లెక్కపెట్టే పనికి వేశారు. రోజూ ఎండలో పచ్చని జాకెట్ వేసుకొని నిలబడేది. పొద్దున్నే నేను ఎదురైతే చేతులు జోడించేది. మేము నలుగురం అరచేతులు విప్పుకోవడం మానేశాం. మానేద్దామని ఎవరూ అనలేదు. హాలు తలుపులు మూసి చేసిన ఆ సాయంకాలపు సాధనలూ మళ్ళీ జరగలేదు. పని ముగియగానే ఎవరి బస్సు వారు ఎక్కేవాళ్ళం.

2023 మార్చిలో ఆమె ఒప్పందాన్ని పొడిగించటం లేదని తెలియజేశారు. జూలైలో బడి వీసా రద్దయింది. ఆ నెలలోనే భర్త, కొడుకు ఊరికి వెళ్ళిపోయారు. అదే సంవత్సరం నవంబరులో బయటి నుండి వచ్చిన ఇద్దరు శిక్షకులు మా మైదానంలో మూడంతస్తుల పిరమిడ్ వేయించారు, ఎవరూ పడలేదు. 2023 సెప్టెంబరు నుండి చిన్న మేడమ్ దుబాయ్ నైఫ్‌లోని ఒక బట్టలకొట్టులో, ఆ కొట్టువారి వీసా మీద, పనిచేస్తున్నది.